ముడి లేని దుప్పటి

మూడున్నరకి పిలుస్తామన్నారు. ఇప్పుడు మూడు దాటి ఐదు నిమిషాలు. గోడ మీది గడియారం కొత్తది, పాతది పది నిమిషాలు వెనక నడుస్తోందని పోయిన వారం నేనే మార్పించాను, మనుషుల్ని ఎవరు ఎప్పుడు చూశారో లెక్క లేని చోట గడియారాలు మాత్రం నిమిషం తప్పకూడదు. వరండా అంతా రంగు వాసన. ఈ వాసనకి ఆరో మంచం తాత మూడు రోజులుగా దగ్గుతున్నాడు, ఆయన కేస్ షీటులో దగ్గు అని రాసి ఉంటుంది, రంగు అని ఉండదు. ఎదురుగా రోగి హక్కుల బోర్డు, గౌరవం పొందే హక్కు, సమాచారం పొందే హక్కు, మొత్తం పన్నెండు, తళతళలాడుతోంది, చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్ళు మెడ విరుచుకున్నా చదవలేనంత ఎత్తులో కొట్టించాం, కిందికి కొడితే ఫొటోలో పడదన్నారు మరి. దాని పక్కన ఫిర్యాదుల పెట్టె. తాళంచెవి పోయి రెండేళ్ళయింది, మొన్న సుత్తితో తాళం పగలగొట్టించి చూస్తే లోపల నాలుగు చాక్లెట్ కాగితాలు, ఒకే ఒక్క ఫిర్యాదు, ఫ్యాను చప్పుడు చేస్తోంది, అమ్మమ్మకి నిద్ర పట్టడం లేదు అని ఎవరో పిల్ల గుండ్రటి అక్షరాలతో రాసింది. ఆ అమ్మమ్మ పోయి ఏడాది దాటింది. ఆ ఫిర్యాదుని ఇరవైనాలుగు గంటల్లో పరిష్కరించినట్టు రిజిస్టరులో రాశాను. పైన పటారం లోన లొటారం అని మా అమ్మ అంటుండేది, లొటారానికి కూడా ఫైలు నంబరు వేసి బీరువాలో పెట్టొచ్చని పాపం ఆవిడకి తెలీదు.

నన్నిక్కడ క్వాలిటీ సిస్టర్ అంటారు. పంతొమ్మిదేళ్ళు ఉత్త సిస్టర్ని, రెండేళ్ళ నుంచి క్వాలిటీ. మంచం దిగలేని ముసలివాళ్ళని చూసుకునే ఈ నలభై మంచాల ఆసుపత్రికి గుర్తింపు పత్రం తెప్పించడం నా పని. మూడు రోజులుగా తనిఖీవాళ్ళు ముగ్గురు ఆ తలుపు వెనక కూర్చుని మా కాగితాలు తిరగేస్తున్నారు. అన్నీ బాగున్నాయన్నారు. ఒక్కటే మిగిలింది. పదిహేడో మంచం టీచరమ్మకి నడుం కింద, ఎముక మీద, అరచేయంత పడకపుండు. రెండు గంటలకోసారి ఆమెను పక్కకి తిప్పినట్టు చార్టులో ఒక్క గడి ఖాళీ లేకుండా సంతకాలున్నాయి కదా, మరి పుండెలా పడింది అని అడిగారు. ఇంటి దగ్గర నుంచే వచ్చిందండీ, చేర్చుకున్ననాటి కాగితంలో గుర్తు కూడా ఉంది అన్నాడు మా పెద్ద డాక్టరు. అలాగైతే ఆ రోజు చేర్చుకున్న సిస్టర్నీ, తీసుకొచ్చిన కూతుర్నీ పిలవండి, ఇద్దరూ అవునంటే ఇక్కడితో ముగిద్దాం అన్నారు. ఆ సిస్టర్ని నేనే. ఆ కూతురు నా పక్కనే ఉంది, ఒక కుర్చీ అవతల, మధ్య కుర్చీలో తన సంచీ పెట్టుకుని.

ఆ గుర్తు నేను నిన్న మధ్యాహ్నం పెట్టాను. చేర్చుకునే కాగితంలో మనిషి బొమ్మ ఉంటుంది, ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి, కళ్ళూ ముక్కూ ఉండవు, ఊరికే గీత. వచ్చిన రోజు ఒంటి మీద దెబ్బలూ పుళ్ళూ ఎక్కడున్నాయో ఆ బొమ్మ మీద ఇంటూ మార్కు పెట్టాలి. టీచరమ్మ బొమ్మ ఐదు నెలలుగా ఖాళీగా ఉంది. నిన్న పెద్ద డాక్టరు తలుపు దగ్గరికి వేసి కూర్చోమ్మా అన్నాడు. చించెయ్యమనలేదు, మళ్ళీ రాయమనలేదు, పెద్దవాళ్ళు అలాంటి మాటలు నోటితో అనరు. ఆ కాగితం ఒకసారి సరిచూడమ్మా, పని ఒత్తిడిలో ఏమన్నా మర్చిపోయావేమో అన్నాడు. నేనేమీ మర్చిపోలేదు. ఆయనకి తెలీని సంగతి కూడా నాకు గుర్తుంది, ఆ ఫారం నాలుగు నెలల కింద మారింది, ఇప్పటిదాని మీద రాస్తే అడుగున అచ్చేసిన తేదీ పట్టిచ్చేస్తుంది. అందుకని బీరువా అట్టడుగు నుంచి పాత ఫారం వెతికి తీశాను. అప్పట్లో వాడిన నీలం పెన్నుతోనే, బరువు, బీపీ, పళ్ళ సెట్టు, కళ్ళద్దాలు, అన్నీ మళ్ళీ ఎక్కించి, బొమ్మకి వెనక నడుం కింద చిన్న ఇంటూ. పక్కన ఎర్రదనం అని ఒక మాట. కాగితం కొత్తగా కనబడుతోందని కొంచెం నలిపి, ఒక మూల టీ కప్పు అడుగు ఆనించాను కూడా. ఇంత శ్రద్ధ ఆమె మీద పెట్టి ఉంటే ఆ పుండే పడేది కాదు. పొద్దున తనిఖీకి వచ్చినావిడ ఆ ఫైలు చూసి, చాలా పద్ధతిగా ఉంచారండీ అని మెచ్చుకుంది. సిగ్గులేనిదాన్ని, ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది.

కూతురు వాటర్ బాటిల్ మూత తీసి, తాగకుండానే మళ్ళీ పెట్టింది. ఆమె బట్టలు కుడుతుంది, ఎడమచేతి వేళ్ళ నిండా సూది గాట్లు. నాలుగేళ్ళు తల్లిని ఇంట్లోనే చూసుకుంది, ఒక్కతే, కుట్టుమిషను పక్కనే మంచం వేసి. రెండు గంటలకోసారి ఫోనులో అలారం, పగలూ రాత్రీ కూడా, మోగగానే మిషను ఆపి, లేచి, తల్లిని పక్కకి తిప్పి, వీపు తుడిచి, మళ్ళీ వచ్చి కూర్చునేది. చివరికి తన నడుం పూస జారింది. ఇంక బరువెత్తితే నువ్వూ మంచం మీదే ఉంటావని వైద్యుడు చెప్పాక, వేరే దారి లేక ఇక్కడికి తీసుకొచ్చింది. వెనక నుంచి విప్పడానికి వీలుగా తనే కుట్టిన చొక్కా తొడిగింది తల్లికి. దాన్ని పైకెత్తి, చూడక్కా, ఒక్క మచ్చ లేదు అంది. పరీక్షలో మొదటి మార్కు వచ్చిన పిల్ల ముఖం అప్పుడు ఆమెది. నిజంగానే డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి వీపు పసిపిల్ల వీపులా ఉంది. టీచరమ్మ లెక్కల టీచరు. మాట పోయింది కానీ ఎక్కాలు పోలేదు, పక్కకి తిప్పినప్పుడల్లా పదమూడో ఎక్కం అందుకునేది, పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు, తిప్పి, తుడిచి, దిండు సర్దేసరికి నూట ముప్పై దగ్గరికొచ్చి ఆగేది. ఇప్పుడు పదమూడు మూళ్ళ దగ్గరే పళ్ళు బిగబడుతున్నాయి.

మొదట్లో ఆమెను తిప్పింది గడియారం. గడియారం అంటే మా ఆయా, చదువు లేదు, చేతికి వాచీ లేదు, అయినా ఏ మంచానికి ఎప్పుడు వేళయిందో పొరపాటు పడేది కాదు, అందుకే ఆ పేరు పడింది. ఆమెకొక పద్ధతి ఉండేది. మనిషిని ఎడమకి తిప్పితే దుప్పటి ఎడమ మూల ముడి వేసేది, కుడికి తిప్పితే అది విప్పి కుడి మూల వేసేది, వెల్లకిలా పడుకోబెడితే కాళ్ళ దగ్గర. తరవాత డ్యూటీకి ఎవరొచ్చినా ముడి చూస్తే చాలు, ఇప్పుడెటు తిప్పాలో తెలిసిపోయేది. పైగా దుప్పటి మీద మనిషి బరువు ఉండగా, ఆ మనిషిని కదపకుండా ముడి మార్చడం కుదరదు, అంత అవస్థ పడే బదులు తిప్పడమే తేలిక. అబద్ధమాడటానికి చోటు లేని చార్టు అది. దాన్ని తీయించింది నేను. పక్క ముడతలు లేకుండా ఉండాలని ప్రమాణాల పుస్తకంలో ఉంది, ముడులు కనబడితే తనిఖీవాళ్ళు ఇదెక్కడి నాటు పద్ధతి అంటారు, చార్టు ఉండగా ముడులెందుకు అని నలభై మంచాల ముడులూ ఒక్క పూటలో విప్పించాను. గడియారం విప్పేసి, సాయంత్రం నా టేబుల్ దగ్గరికొచ్చి, మరి నాకెలా తెలుస్తుంది సిస్టరమ్మా అని అడిగింది. చార్టు చూడు అన్నాను, చదవడం రాని మనిషితో. కొన్నాళ్ళకి ఆ చార్టు కూడా ఎలా తయారైందంటే, పొద్దున డ్యూటీ ఎక్కగానే రోజంతటి సంతకాలూ ఒకేసారి పెట్టేస్తారు. మధ్యలో మర్చిపోతే గడి ఖాళీగా ఉండిపోతుంది, తనిఖీలో ఖాళీ గడి తప్పు గానీ తిప్పని మనిషి తప్పు కాదు. ఆ సలహా ఇచ్చింది కూడా నేనే.

మా చిన్నప్పుడు బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని మా టీచరు నలుగుర్ని మర్నాడు రావద్దంది. ఇద్దరికి చదువు రాదు, ఒకడికి నత్తి, నా గౌనుకి చంక దగ్గర చిరుగు. సెలవు దొరికిందని ఎగురుకుంటూ ఇంటికొచ్చి చెప్తే అమ్మ నవ్వలేదు, కుట్టుపెట్టె తీసి ఆ చిరుగు కుట్టింది, మర్నాడు నా చెయ్యి పట్టుకుని బడి దాకా వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఏమడిగాడో ఒక్క ముక్క గుర్తు లేదు, అమ్మ గేటు బయట ఎండలో నిలబడి ఉండటం గుర్తుంది. గడియారాన్ని నేను అలాగే రావద్దన్నాను. ఆసుపత్రి ఆశయం అని నాలుగు వాక్యాలున్నాయి, తనిఖీలో ఎవర్ని పడితే వాళ్ళని అడుగుతారని అందరి చేతా బట్టీ పట్టించాం, ఆమెకి ఎంతకీ రాలేదు, మంచిగా చూసుకుంటామండీ అని ఒక్క ముక్కలో తేల్చేసేది. ఆమెను మూడు వారాల పాటు బట్టలుతికే గదికి పంపించాను. ఆమె చోట్లో ఇద్దరు కొత్త పిల్లలు, ఇస్త్రీ కోట్లు, చేతులు కడిగే ఆరు భంగిమలూ నాట్యంలా చేసి చూపిస్తారు. టీచరమ్మ కింద గాలిపరుపు ఉండేది, మోటారు దాన్ని ఊదుతూ తీస్తూ ఉంటుంది, బరువంతా ఒకే చోట పడకుండా. దాన్ని కూడా లాగేసి మొదటి గదిలో చూపించడానికి సిద్ధం చేసిన నమూనా మంచానికి వేశాం. ఆ మంచం మీద ఎవరూ పడుకోలేదు. మూడు వారాలు ఖాళీ మంచం కింద మోటారు పనిచేస్తూనే ఉంది, టీచరమ్మ మామూలు పరుపు మీద వెల్లకిలా ఉంది, చార్టులో మాత్రం ఆమె రెండు గంటలకోసారి గిరగిరా తిరిగింది.

మూడూ పద్దెనిమిది. లోపల ఎవరో నవ్వారు. వాళ్ళకి బిస్కెట్లు వెళ్ళాయి, ట్రే మీద గుడ్డ కూడా కొత్తదే. నేను చదువుకునేటప్పుడు మా మేట్రన్ ఒకావిడ ఉండేది, చండశాసనురాలు, ఎర్రబడ్డ చోట బొటనవేలితో నొక్కి వదలవే, తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే నీకింకా టైముంది, తెల్లబడకపోతే లేదు అని మా వేళ్ళు పట్టుకుని నేర్పింది. ఆ మూడు వారాల చివర ఒక బుధవారం నాడు నేను నొక్కాను. ఎవరికీ తెలీదు. టీచరమ్మ చేతికి పేరు పట్టీ సరిగ్గా ఉందో లేదో చూడటానికి వెళ్ళాను, ఆమె కోసం వెళ్ళలేదు, పట్టీ కోసం వెళ్ళాను. చొక్కా కింద పెద్ద బొత్తాం అంత ఎరుపు. నొక్కి వదిలాను. తెల్లబడలేదు. రెండోసారి నొక్కాను, అప్పుడూ అంతే. నా చంకలో ఫైళ్ళున్నాయి, మధ్యాహ్నం అసలు తనిఖీకి ముందు మాలో మేం చేసుకునే రిహార్సలు ఉంది, పక్కనున్న కొత్త పిల్లతో కాస్త తిప్పుతుండమ్మా అని చెప్పి వెళ్ళిపోయాను. ఆ పిల్ల సరే మేడమ్ అని చార్టు తీసింది, ఆ రోజు సంతకాలన్నీ అప్పటికే ఉన్నాయి, ఏం చేయాలో తెలీక మళ్ళీ పెట్టేసింది. శుక్రవారానికి బొబ్బ లేచింది, ఆదివారానికి తోలు ఊడింది. తరవాత గాలిపరుపు వెనక్కి తెప్పించాను, గడియారాన్ని పిలిపించాను, కట్లు నేనే కడుతున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో నాకంటే పద్ధతైన మనిషి ఎక్కడా దొరకదు.

"అక్కా, లోపల ఏమడుగుతారు?" అంది కూతురు.

పుండు గురించే అన్నాను. ఆమె తలూపింది. పెద్ద డాక్టరు నిన్ననే అంతా చెప్పాడట. అది లోపల ఎముక దగ్గర మొదలవుతుందట, నెలలు గడిస్తే గానీ పైకి తేలదట, తీసుకొచ్చిన రోజే సిస్టరు ఎర్రదనం చూసి గుర్తు పెట్టిందట, అయినా నీ తప్పేం లేదమ్మా, ఇంట్లో ఒక్కదానివీ ఇంతకంటే ఏం చూస్తావు అని భుజం తట్టాడట. ఓదార్చడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు, కత్తి పెట్టిన చోటే దూది కూడా పెడతాడు. నెలలు అక్కర్లేదు, మూడు రోజులు చాలు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది, దాన్ని మింగి, ఎదురుగా ఉన్న బోర్డు మీద సమాచారం పొందే హక్కుని చూస్తూ కూర్చున్నాను.

"నాకప్పుడు కనపళ్ళేదక్కా, నీకు కనపడింది. ఆఖరి వారం నడుం నొప్పికి మాత్ర వేసుకునేదాన్ని. ఒక అలారానికి మెలకువ రాలేదు. ఒక్కసారే. దానికే అయ్యుంటుంది. అడిగితే ఒప్పుకుంటాను."

ఒక్కసారి. నాలుగేళ్ళంటే ఎన్ని అలారాలో టీచరమ్మకి నోరు పెగిలితే నోటి లెక్కలో చెప్పేసేది. పదిహేడు వేలు దాటతాయి. అందులో ఒకటి ఈమె మోసుకు తిరుగుతోంది. నేను ఆ బుధవారాన్ని ఎక్కడ పెట్టానో నాకే తెలీదు, ఏ ఫైల్లోనూ లేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ న్యాయంగా పంచితే పెద్ద డాక్టరుకి ఒక పిడికెడు, నాకు రెండు, ఆ కొత్త పిల్లలకి చిటికెడు, ఇంటూ కనబడితే చాలు వీపు చూడక్కర్లేదనుకునే ఆ తలుపు వెనకవాళ్ళకి కొంచెం, అసలేమీ రానిది ఈమె ఒక్కదానికే. మేమందరం కలిసి బస్తా మొత్తం ఈమె నెత్తిన పెట్టాం, జారిన నడుం మీద. లోపల అవునండీ అంటే చాలు. పత్రం వస్తుంది, అద్దం కట్టించి ఈ గోడకే తగిలిస్తారు, నన్ను నర్సింగు సూపరింటెండెంటుని చేస్తారు. కాదండీ అంటే నా నర్సు రిజిస్ట్రేషను పోతుంది, యాభై రెండేళ్ళ వయసులో ఇంకో పని రాదు నాకు. నలభై మంది ముసలివాళ్ళు రోడ్డున పడతారమ్మా అన్నాడు పెద్ద డాక్టరు నిన్న, అది నిజమేమో కూడా. నిజం చెప్పకపోతే ఇకనైనా టీచరమ్మని బాగా చూసుకుంటాను, రోజూ నేనే తిప్పుతాను, నేనే కడుగుతాను అని పొద్దున్నుంచీ నాలో నేనే బేరం పెట్టుకుంటున్నాను. కానీ పుండు చీము ఒంట్లోకి ఎక్కింది, టీచరమ్మ బహుశా ఈ నెల దాటదు. ఆ తరవాత కూడా ఈమె బతకాలి కదా. ఏ జాకెట్టుకో అంచు కుడుతూ మధ్యలో మిషను ఆపి, ఆ ఒక్క అలారం గురించి, ఆ ఒక్క రాత్రి గురించి ఆలోచిస్తుంది, ఇంకో ఇరవై ఏళ్ళు, అమ్మని నేనే చంపుకున్నానని. నాకు భయంగా ఉంది. నా మీద నాకు అసహ్యంగా ఉంది, ఆ అసహ్యం కంటే భయమే కొంచెం ఎక్కువగా ఉంది, అదీ నిజమే. మూడూ ఇరవై ఆరు.

ఆమె సంచీలోంచి ఒక చొక్కా తీసింది. పుండుకి రాపిడి తగలకుండా వెనకంతా మెత్తటి పాత గుడ్డ వేసి కుట్టింది, ఇది సరిపోతుందా అక్కా, ఇంకా మెత్తటిది వేయనా అని నా చేతికిచ్చింది. కుట్లు లోపలికి తిప్పి ఉన్నాయి, చర్మానికి ఒక్క దారం కూడా ఆనదు. ఆ తిప్పిన కుట్ల మీద నా బొటనవేలు ఆగిపోయింది.

"చెల్లీ, నువ్వు తీసుకొచ్చిన రోజు మీ అమ్మ ఒంటి మీద ఏమీ లేదు," అన్నాను. "ఆ గుర్తు నేను నిన్న పెట్టాను. పుండు ఇక్కడే పడింది. మూడు వారాలు మేమెవ్వరం ఆమెను తిప్పలేదు. ఎర్రబడిన రోజు నేను చూశాను, చూసి వెళ్ళిపోయాను."

అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె నా చేతిలోంచి చొక్కా తీసుకుని మడతపెట్టింది, మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ పెట్టింది.

"నిన్న సాయంత్రం అమ్మ కాళ్ళు పట్టుకుని క్షమించమని ఏడిచాను," అంది. "మంచినీళ్ళు తెచ్చిచ్చింది నువ్వే. అప్పటికే రాసేశావా?"

రాసేశాను అన్నాను.

"నాతో చెప్పావు సరే. లోపల చెప్తావా?"

తలుపు తెరుచుకుంది, తనిఖీవాళ్ళలో చిన్నావిడ బయటికి తొంగిచూసి, పెదవి మీద బిస్కెట్ పొడి తుడుచుకుంటూ, ముందు ఎవరొస్తారండీ, సిస్టర్ గారా, కూతురు గారా అని అడిగింది.

"ఇద్దరం వస్తాం," అని కూతురు నా మణికట్టు పట్టుకుని లేచింది. ఆ పట్టుకి నొప్పి పుట్టింది. నేనూ లేచాను.